అర్థం తేలని ఎబిలిటీ రూల్‌ని టేబుల్ దగ్గర ఎలా తేల్చాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) కానీ పాత్‌ఫైండర్ కానీ, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తూ ఆడే ఆటల్లో ఏదాడినా ఇది తప్పదు. ఫైట్ మంచి ఊపు మీదుంటుంది, ఎవరో తన ఎబిలిటీ (పాత్రకున్న ప్రత్యేక శక్తి) చదివి ఇది ఇక్కడ కూడా పనిచేస్తుంది కదా అంటారు, పక్కనున్నవాళ్లు ఎక్కడుంది అలా అని అడ్డం పడతారు, ఇక అరగంట దాకా ఎవరూ డైస్ ముట్టుకోరు. ఈ వాదనల్లో చాలావాటిలో రూల్ క్లియర్‌గానే ఉంటుంది, చదివినవాళ్లే సగం చదివి ఆపేసి ఉంటారు. నిజంగా అర్థం తేలని రూల్స్ కొన్నే, వాటికి పద్ధతి వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే గొడవంతా.

కావాల్సినవి: రూల్‌బుక్, దానికి పబ్లిషర్ ఇచ్చిన ఎర్రాటా (తప్పుల సవరణలు), ఒక నోట్‌బుక్, పెన్సిల్. నోట్‌బుక్ కాగితందే ఉండాలి, ఫోన్‌లో రాసిపెట్టిన రూలింగ్‌ని (టేబుల్ దగ్గర ఇచ్చిన తీర్పుని) మళ్లీ ఎవరూ తెరిచి చూడరు.

ముందు ఏ ఎడిషన్ ఆడుతున్నారో చూసుకోండి. డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లోనే 2014 రూల్స్ ఉన్నాయి, 2024లో మార్చినవి ఉన్నాయి, పేరు ఒకటే అయినా పని వేరు. పాలడిన్ (పవిత్ర యోధుడి పాత్ర) వాడే డివైన్ స్మైట్ 2014లో క్లాస్ ఫీచర్ (ఆ రకం పాత్రకి దానంతటదే వచ్చే శక్తి), 2024లో అది బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అదనంగా చేసే చిన్న పని) వేసే స్పెల్ (మంత్రం) అయిపోయింది. ఒకరు పాత బుక్, ఇంకొకరు కొత్త బుక్ పట్టుకుని వాదించుకుంటే తెల్లారినా తేలదు.

తర్వాత ఆ ఎబిలిటీని మొదటి మాట నుంచి చివరి మాట దాకా బయటికి చదవాలి. చదివేది ఆ ఎబిలిటీ ఉన్న ప్లేయర్ అయితే కుదరదు, వేరేవాళ్లే చదవాలి, ఎందుకంటే సొంత ఎబిలిటీ అయితే తనకి కావాల్సిన మాట మీదే గొంతు పెరుగుతుంది. క్యారెక్టర్ షీట్‌లో గుర్తుకోసం రాసుకున్న ఒక్క లైన్ చూసి వాదించడం అసలు ఒప్పుకోకండి.

ఇక అసలు కష్టమైన పని, రూల్‌ని ముక్కలు చేయడం. దీన్ని తొందరపడి చేస్తే మిగతాదంతా దండగ. ప్రతి ఎబిలిటీలో నాలుగు సంగతులు చూడాలి: ఎప్పుడు మొదలవుతుంది, ఎవరి మీద పనిచేస్తుంది, ఏం చేస్తుంది, ఎన్నిసార్లు లేదా ఎంతసేపు. ఒక్కోటి విడిగా పెన్సిల్‌తో రాయండి, బుక్‌లో ఉన్న మాటే రాయండి, మీ మాటల్లోకి మార్చకండి. మార్చిన క్షణంలోనే అర్థం కూడా మారిపోతుంది, అది మీకు తెలియను కూడా తెలియదు.

రోగ్‌ క్లాస్‌కి ఉండే స్నీక్ ఎటాక్ తీసుకోండి, శత్రువు పక్కనే తనవాళ్లు ఉన్నప్పుడు ఫినెస్ ఆయుధంతో (చురుకుతనంతో వాడే తేలికపాటిది) కొడితే పడే అదనపు దెబ్బ లాంటిది. టర్న్‌కి ఒకసారి అని ఉంటుంది, చాలామంది దాన్ని రౌండ్‌కి ఒకసారి అని చదువుకుంటారు. రౌండ్ అంటే దాదాపు 6 సెకన్లు, అందులో ఫైట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తలా ఒక టర్న్. రోగ్ తన టర్న్‌లో ఓర్క్‌ని పొడిచి స్నీక్ ఎటాక్ వేసింది, పక్కనే ఫైటర్ ఉన్నాడు. తర్వాత ఓర్క్ టర్న్ వచ్చింది, అది రోగ్‌కి అందకుండా పారిపోబోయింది, రోగ్ రియాక్షన్‌తో (వేరేవాళ్ల టర్న్‌లో కూడా చేయగలిగే ఎదురు పని) ఆపర్చునిటీ ఎటాక్ (అందకుండా పోతున్నవాళ్ల మీద వేసే దెబ్బ) చేసింది. ఇప్పుడు నడుస్తున్నది ఓర్క్ టర్న్, అంటే వేరే టర్న్. ఓర్క్ ఇంకా రేంజ్ దాటలేదు, ఆ క్షణానికి ఫైటర్ దానికి 5 అడుగుల్లోనే ఉన్నాడు, చేతిలో ఉన్నది ఫినెస్ ఆయుధమే. స్నీక్ ఎటాక్ మళ్లీ పడుతుంది, ఇందులో మోసమేమీ లేదు. రియాక్షన్ ఒకసారి వాడితే మళ్లీ తన టర్న్ మొదలయ్యేదాకా రాదు కాబట్టి దానికి హద్దు ఎలాగూ ఉంది.

ఇదే పద్ధతి ప్లేయర్‌కి నచ్చని చోట కూడా అంతే గట్టిగా వాడాలి, అక్కడే చాలామంది జారిపోతారు. ఫైటర్ ఎక్స్‌ట్రా ఎటాక్ చూడండి, తన టర్న్‌లో ఎటాక్ యాక్షన్ తీసుకున్నప్పుడు రెండుసార్లు కొట్టొచ్చు అని ఉంటుంది. ఫైటర్ రెడీ యాక్షన్ (ఫలానాది జరగగానే చేస్తానని ముందే చెప్పుకున్న పని) పెట్టుకుని గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నాడు, గాబ్లిన్ తన టర్న్‌లో బయటికి రాగానే కొట్టాడు. రెండు దెబ్బలా? కాదు, ఒకటే, ఎందుకంటే అది ఫైటర్ టర్న్ కాదు. రోగ్‌కి లాభం తెచ్చిందీ ఫైటర్‌కి నష్టం తెచ్చిందీ ఒకే సంగతి, టర్న్ ఎవరిది అన్నది. ఒకరికి అక్షరం పట్టుకుని, ఇంకొకరికి పోనీలే పాపం అంటే ఆ టేబుల్ మీద ఎవరూ ఏ రూలింగ్‌నీ నమ్మరు.

ముక్కలు చేసేటప్పుడు ఇంకోటి, వద్దని రాయలేదు కాబట్టి చేయొచ్చు అనే వాదన. దీన్ని మొదట్లోనే తుంచేయాలి. ఎబిలిటీ అందులో రాసినంతే చేస్తుంది. మంట పుట్టించే స్పెల్ వస్తువులకి అంటుకుంటుందని రాసి ఉంటే అంటుకుంటుంది, రాయకపోతే తెరలు కాలుతున్నాయని ప్లేయర్ తనంతట తాను ప్రకటించకూడదు, డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాళ్లు) అవునంటే అది డీఎం ఇచ్చినది, స్పెల్‌ది కాదు.

జనరల్ రూల్‌కీ ప్రత్యేకమైన రూల్‌కీ పడకపోతే ప్రత్యేకమైనదే గెలుస్తుంది. డీ అండ్ డీలోనూ అంతే, పాత్‌ఫైండర్‌లోనూ అంతే, దీని మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు.

ఇదంతా అయ్యాక కూడా రెండు అర్థాలు మిగిలితే అప్పుడది నిజంగా తేలని రూల్. 2014 రూల్స్‌లో ఇన్విజిబుల్ కండిషన్ (ఎవరికీ కనపడకుండా ఉండే స్థితి) అలాంటిదే. అందులో కనపడకపోవడం ఒక పాయింట్, ఎదుటివాళ్ల ఎటాక్స్‌కి డిసడ్వాంటేజ్ (డై రెండుసార్లు వేసి తక్కువ వచ్చింది తీసుకోవడం), తన ఎటాక్స్‌కి అడ్వాంటేజ్ (ఎక్కువ వచ్చింది తీసుకోవడం) అన్నది విడిగా ఇంకో పాయింట్. సీ ఇన్విజిబిలిటీ స్పెల్ వేసుకున్నవాళ్లకి ఆ శత్రువు కనపడతాడు, కానీ రెండో పాయింట్ పోతుందని ఎక్కడా లేదు. అక్షరాలా చదివితే కళ్లెదుట కనపడుతున్నవాణ్ణి కొట్టడానికి కూడా డిసడ్వాంటేజే, కనపడుతున్నాడు కదా అనుకుంటే లేదు. 2024లో ఎదుటివాళ్లు ఎలాగైనా చూడగలిగితే వాళ్ల మీద ఆ లాభం ఉండదని స్పష్టంగా రాశారు, అంటే పాత మాటల్లో ఇబ్బంది ఉన్నమాట నిజమే.

ఇలాంటి చోట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌ బుక్‌లోనే ఒక దారి ఉంది: ఒక అర్థం నమ్మలేనంత బాగుందంటే బహుశా అది సరైన అర్థం కాదు. నేను డీ అండ్ డీలో కూడా ఇదే వాడతాను, మీరూ ఇదే వాడాలి. ఆ పైన ఇదే అర్థాన్ని విలన్ చేతిలో పెట్టి చూడండి. సీ ఇన్విజిబిలిటీ వేసుకున్నది మీ విజర్డ్ అయితే ఏమంటారో, మీరు కనపడకుండా నక్కినప్పుడు అదే స్పెల్ శత్రువు వేసుకుంటే కూడా అదే అనగలరా? అనలేకపోతే ఆ అర్థం వదిలేయండి.

కొందరు ఓటింగ్ పెడతారు. వద్దు, ఓటింగ్‌లో ఎక్కువమంది స్నేహితులున్న ప్లేయర్ గెలుస్తారు తప్ప రూల్ తేలదు. ఇంకొందరు ఆట ఆపేసి డిజైనర్ ఎప్పుడో ఇచ్చిన జవాబు కోసం ఫోన్‌లో వెతుకుతారు. ఆ జవాబు పనికొచ్చేదే, కాకపోతే సెషన్ అయ్యాక చూసుకోవాలి. టేబుల్ దగ్గర డీఎం అందరి మాటా ఒక్కసారి విని, ఐదు నిమిషాలు దాటకుండా చెప్పేయాలి. తేల్చలేకపోతే ఈ ఒక్కసారికి ప్లేయర్ వైపు చెప్పి, ఇది ఈ రాత్రికే అని అందరికీ వినపడేలా అనాలి.

అప్పుడే నోట్‌బుక్‌లో ఎబిలిటీ పేరు, ఎడిషన్, ఇచ్చిన రూలింగ్, కారణం ఒక్క వాక్యంలో రాయండి. కారణం రాయడం మానకండి, మూడు నెలల తర్వాత అదే ప్రశ్న వేరే ఎబిలిటీ రూపంలో వస్తుంది, అప్పుడు పనికొచ్చేది అదే. సెషన్ అయ్యాక ఎర్రాటా చూసి రూలింగ్ మార్చాల్సి వస్తే వచ్చే ఆట మొదలవకముందే చెప్పండి, జరిగిపోయిన ఫైట్‌ని వెనక్కి తిప్పకండి. ఆ పాత రూలింగ్‌ని నమ్ముకుని ఎవరైనా లెవెల్ పెరిగినప్పుడు ఏదైనా స్పెల్ కానీ ఫీట్ (ఎంచుకునే అదనపు నైపుణ్యం) కానీ తీసుకుని ఉంటే, దాన్ని ఫ్రీగా మార్చుకోనివ్వండి.