పిల్లలను కృష్ణజింకల జాడకు తీసుకువెళ్లడం ఎలా?

కొన్ని దేశాల్లో పెద్దలు పిల్లల చేతికి తుపాకీ ఇచ్చి జింకల వేట నేర్పుతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చింది. దానిని వేటాడినవారికి మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. అయితే వేటగాడి విద్యలో తుపాకీ పేల్చడం చివరి క్షణంలో వచ్చే పని మాత్రమే. జాడ చదవడం, గాలివాటం చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం వంటి మిగతా విద్యనంతా జంతువుకు ఏ హానీ లేకుండా పిల్లలకు నేర్పవచ్చు. కర్నూలులో ఉండేవారికి అందుకు రోళ్లపాడు అభయారణ్యం చక్కని చోటు.

నందికొట్కూరుకు చేరువలో ఉన్న ఈ గడ్డిమైదానం 2022లో జరిగిన జిల్లాల విభజనతో నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైబడిన ఈ నేలను 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట కనబడటం ఇప్పుడు గగనమైపోయింది గాని, కృష్ణజింకల మందలు అక్కడా, చుట్టుపక్కల చేలలోనూ తిరుగుతూనే ఉన్నాయి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మంచిది. ఎండ తీవ్రత ఉండదు, పోతుల (మగ జింకల) నలుపు నిగనిగలాడుతూ ఉంటుంది, పైగా చలికాలంలో వలస వచ్చే పిల్లిగద్దలు గడ్డి మీదుగా తేలుతూ పోవడం చూడవచ్చు. వాన పడిన మర్నాడు మాత్రం బయలుదేరకండి. నల్లరేగడి బురద చెప్పులకు అంటుకొని పది అడుగులకే పిల్లవాడు ఏడుపు మొదలుపెడతాడు. అభయారణ్యంలోకి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకొని, వీలైతే అక్కడి సిబ్బందిలో ఒకరిని వెంట ఉండమని అడగాలి. ఎనిమిదేళ్లు నిండని పిల్లలు నిశ్శబ్దంగా కూర్చోలేరని నా అభిప్రాయం, అయితే పిల్లవాడి స్వభావం మీకే బాగా తెలుస్తుంది.

ముందు రోజు సాయంత్రం ఇంటి మిద్దె మీద బైనాక్యులర్ పట్టడం నేర్పండి. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ కాబట్టి, రెండు గొట్టాలను దగ్గరికి మడిచి, కనబడే రెండు వలయాలు ఒకే వలయంగా కలిసేదాకా సరిచేయాలి. కొన్ని బైనాక్యులర్లు అంత దగ్గరికి మడవబడవు గనుక కొనేటప్పుడే పిల్లవాడి కళ్లకు పెట్టి చూడటం అవసరం. కరెంటు స్తంభం మీది కాకిని ముందు మామూలు కళ్లతో చూసి, చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి ఎత్తడం అలవాటు చేయించాలి. ఈ ఒక్కటి రాకపోతే, మర్నాడు మంద ఎదురుగా ఉన్నా పిల్లవాడికి ఆకాశమే కనబడుతుంది.

మట్టిరంగు బట్టలు, పాదం మొత్తం కప్పే బూట్లు వేయండి. పొడి నేలల్లో పింజరి పాములు ఉంటాయి కాబట్టి బూట్ల విషయంలో బేరం లేదు. నీళ్లు ఎక్కువగా పెట్టుకోండి. కుక్కను తీసుకురాకండి. మైదానంలో చాటు దొరకదు గనుక, నందికొట్కూరులో ఉగ్గాని తినడానికి ఆగినప్పుడే పిల్లవాడిని ఒంటికి పంపించి తీసుకురండి.

తెల్లవారేసరికి మైదానం అంచున ఉండాలి. మొదట జింక కోసం కాక, నేల కోసం చూడమనండి. దారి దుమ్ములో ముందువైపు కోసుగా ఉన్న రెండు గిట్టల ముద్రలు, ఒకేచోట మళ్లీ మళ్లీ వేసిన పెంటికల కుప్ప కనబడితే, అది ఒక పోతు తన హద్దును చాటుకున్న చోటు కావచ్చు. గిట్ట ముద్ర అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, గాలికి చెదిరిపోయాయా అని అడిగితే, జంతువు ఎంతసేపటి క్రితం వెళ్లిందో పిల్లవాడే ఊహిస్తాడు. జవాబు మీరు చెప్పకండి.

కృష్ణజింకకు ముక్కు, చెవుల కంటే కళ్లే పెద్ద రక్షణ. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తుందో చూడటం పిల్లలకు సరదాగా ఉంటుంది, నేర్పండి. కాని అసలు జాగ్రత్త మన ఆకారం విషయంలో పడాలి. మంద వైపు నేరుగా నడిస్తే పారిపోతుంది, అదే వేరే పనిమీద పోతున్నట్టు ఏటవాలుగా నడుస్తూ మధ్యమధ్య ఆగితే చాలాసార్లు మేత ఆపదు. ఒకటి తల ఎత్తితే ఆగాలి, నాలుగైదు ఒకేసారి తలలెత్తితే అక్కడే కూర్చోవాలి, ఒక్క ఆడజింక గాలిలోకి ఎగిరి దూకినా ఆ ఉదయానికి ఆ మందను వదిలేయాలి. వాటిని పరుగెత్తించి ఫోటో తీయడం నా దృష్టిలో వేటకు తమ్ముడే.

కూర్చున్నాక తొందరపెట్టకండి. పోతు కంటి చుట్టూ ఉన్న తెల్లని వలయాన్ని, కంటి కింద చీలికలాంటి గ్రంథిని ముల్లుకంపకు రాసి వాసన వదలడాన్ని, ముక్కు పైకెత్తి మెలితిరిగిన కొమ్ములను వీపు మీదికి వాల్చి ఆడజింకల చుట్టూ తిరగడాన్ని పిల్లవాడు తనంతట తాను గమనించనివ్వండి. చుక్కల దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయని, దీని కొమ్ములు జీవితాంతం ఉంటాయని అప్పుడు చెబితే మనసుకు ఎక్కుతుంది. గడ్డిలో కదలకుండా పడుకున్న పిల్ల కనబడితే ముట్టకుండా వెనక్కి రావాలి. తల్లి దానిని అక్కడ దాచి మేతకు వెళ్లి ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు చేను గట్టున రైతు కనబడితే ఆగి మాట్లాడించండి. రాత్రి మంద దిగి శనగ చేనును మేసిన సంగతి ఆయన నోట వినడం పిల్లవాడికి అవసరం, ఎందుకంటే ఉదయం తాను మురిసిపోయి చూసిన జంతువే ఆ ఇంటికి నష్టం తెస్తోంది. పిల్లవాడు అడిగే ప్రశ్నలకు ఆయననే జవాబు చెప్పనివ్వండి, మధ్యలో సర్దిచెప్పకండి. ఎండ ముదిరాక మందలు మేత మానేసి నీడ వెతుక్కుంటాయి కాబట్టి, పది గంటలకల్లా కర్నూలు దారి పట్టవచ్చు.