1984 నాటి తాలూకా కచేరీని తెర మీదికి తేవాలంటే

ముందు సంవత్సరం ఖాయం చేసుకోండి. "ఎనభైల్లో" అంటే చాలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెవెన్యూ ఆఫీసు కథ తియ్యాలనుకునేవాళ్లకి 1984 మంచి ఏడాది. ఆ జనవరి 6న కరణం, మునసబు పదవులు ఆర్డినెన్సుతో రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మధ్యలో ఊళ్ల రికార్డు చేతులు మారింది, కచేరీకి తన ఆయుష్షెంతో తెలీని కాలం అది. ఆగస్టు 16న ముఖ్యమంత్రి మారి, సెప్టెంబరు 16న మళ్లీ ఎన్టీఆరే వచ్చారు. ఆ నెల రోజుల్లో ఏ ఆఫీసు సీను పెట్టినా టీ గ్లాసుల దగ్గర ఆ మాట రాకుండా ఉండదు.

ఏడాది కుదిరాక ఏది ఉండకూడదో రాసుకోండి. కొత్త రూపాయి గుర్తు 2010లో వచ్చింది, కాబట్టి బోర్డుల మీదా రశీదుల మీదా "రూ." అనే ఉండాలి. అయిదువందల నోటు 1987లో వచ్చింది, 1984లో వందే పెద్ద నోటు. దాని మీద గాంధీ బొమ్మ ముందువైపు ఉండదు. నోట్లు ప్రింటు తియ్యకండి, అది నేరం. పాత నాణేలు, నోట్లు దాచుకునేవాళ్ల దగ్గర ఒకటి రెండు నోట్లు అడిగి తెచ్చుకుంటే దగ్గరి షాటుకి సరిపోతాయి. జీపు నంబరు ప్లేటు మీద ఏపీ 30, ఏపీ 35 ఉంటే కథ అక్కడే చెడిపోతుంది, ఆ పద్ధతి 1989 తరవాతది. పాత్రలు "ఎమ్మార్వో" అనకూడదు, తాసీల్దారుగారే.

అన్నిటికన్నా ఎక్కువమంది తప్పేది జిల్లా పేరు దగ్గర. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోవి. రికార్డు గదిలోంచి 1972 నాటి బొబ్బిలి ఫైలు తీస్తే దాని తలకట్టులో "శ్రీకాకుళం జిల్లా" అని ఉండాలి. విజయనగరంలో ఆ రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, అట్ట చూడగానే పట్టేస్తారు.

గోడ క్యాలెండరుకి 2012 క్యాలెండరు నమూనాగా పనికొస్తుంది. రెండూ లీపు సంవత్సరాలు, రెండూ ఆదివారంతో మొదలయ్యాయి, తేదీలూ వారాలూ కలుస్తాయి. పండగలు మాత్రం కలవవు, అవి తిథుల మీద నడుస్తాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం కాబట్టి ఆ తేదీ పాత పంచాంగంలోనే చూసుకోవాలి. ఉగాది తరవాత సంవత్సరం పేరు రక్తాక్షి, అంతకుముందు రుధిరోద్గారి. అప్పటి వస్తువుల ప్రకటనలు, అక్షరాల పోకడ చూడాలంటే శ్రీకాకుళం కథానిలయంలో పాత పత్రికలు తిరగెయ్యండి. ఒక పూట కూర్చుంటే నెల పని కలిసొస్తుంది.

ఇక గది. కింద మూడున్నర అడుగుల దాకా ముదురు రంగు, పైన నీలిమందు కలిపిన సున్నం. చెక్క బోర్డు మీద నల్లని గుండ్రటి స్విచ్చులు, చెక్క పట్టీ మీద పాకించిన వైరు. లావుపాటి 40 వాట్ల ట్యూబులైటు. దాని కింద ఫోనుతో తీస్తే తెర మీద చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ గనక షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతాయి. ప్లాస్టిక్ కుర్చీలు తీసేసి పేము అల్లినవి తెండి. అర్జీదార్లు కూర్చునే బెంచీ వెనక, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, గుడ్డకి కొబ్బరినూనె రాసి గోడకి అద్దండి. ఏళ్ల తరబడి తలలు ఆనించిన మరక అది. ఆ మరక లేని ప్రభుత్వ ఆఫీసు గోడ ఉండదు.

కాగితాలన్నీ పాతబెట్టేయడం పెద్ద తప్పు. 1984లో ఆ ఉదయం వచ్చిన అర్జీ కొత్త కాగితమే. పసుపెక్కాల్సింది రికార్డు గదిలో మగ్గినవి. లీటరు నీళ్లలో నాలుగు చెంచాల టీ పొడి పది నిమిషాలు మరిగించి, వడగట్టి, చల్లార్చి పళ్లెంలో పొయ్యండి. కాగితం నిమిషం ముంచి నీడలో ఆరనిచ్చి, ఇస్త్రీపెట్టె సన్న వేడి మీద నడపండి. నిజంగా పాతబడిన కాగితానికి గాలీ వెలుతురూ తగిలేది అంచుల్లోనే కనక, అంచుల మీద చిక్కటి డికాషను కుంచెతో ఇంకోసారి రాయాలి. సిరాతో రాసేదేదైనా ఈ పనంతా అయ్యాకే, ముందు రాస్తే కరిగిపోతుంది. ఏ4 వద్దు, అప్పటిది ఫుల్‌స్కేపు. లీగల్ సైజు కొని అడుగున అరంగుళం కత్తిరిస్తే సరి. ఎడమవైపు పైమూలన దబ్బనంతో కన్నం పొడిచి ట్యాగు వెయ్యండి.

తెలుగు టైపు మిషను పరీక్షలకి నేర్పే ఇన్‌స్టిట్యూట్లలో అద్దెకి అడగొచ్చు. నటుణ్ని కనీసం రెండు పూటలు దాని ముందు కూర్చోబెట్టాలి. కంప్యూటరు మీటల్లా గబగబా కొడితే అక్షరాల కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. లైను చివర గంట మోగుతుంది, అప్పుడు చేత్తో క్యారేజీ వెనక్కి తొయ్యాలి. ఆ గంటకి నటుడు ఉలిక్కిపడకూడదు. కార్బను మెరిసే వైపు అడుగు కాగితాన్ని తాకాలి. తిరగేసి పెడితే అడుగు కాగితం తెల్లగా మిగిలి, పై కాగితం వీపున అక్షరాలన్నీ అద్దంలోలా పడతాయి. సాయంత్రం అయిదింటికి, తాసీల్దారుగారు జీపెక్కబోతుండగా, టైపిస్టు అది చూసుకున్న క్షణం కన్నా బలమైన సీను ఈ ఆఫీసులో దొరకడం కష్టం. కంప్యూటరు ఫాంటుతో తీసిన ఉత్తరం దగ్గరగా చూపించకండి, వత్తులు మరీ కుదురుగా ఉండి పట్టించేస్తాయి.

అసలు ఆఫీసు కథలోని ఆకర్షణంతా ఇలాంటి ఆలస్యాల్లోనే ఉంది. వంశధార గట్టు రైతు ఒకడు అర్జీ ఇచ్చాడనుకోండి. అది టపాలో పడుతుంది, తాసీల్దారు పొట్టి సంతకం పెడతారు, రిజిస్టరులో నంబరు పడుతుంది, సెక్షను గుమస్తాకి చేరుతుంది. ఆయన నోటు రాస్తాడు, హెడ్డుగుమస్తా చూస్తాడు, మళ్లీ తాసీల్దారు, ఆపైన చిత్తుప్రతి, టైపు, సంతకం, డిస్పాచి. ప్రతి చేతి దగ్గరా అది ఆగొచ్చు. ఆగిన ప్రతి చోటా ఒక మనిషి స్వభావం బయటపడుతుంది. స్క్రిప్టు రాసేటప్పుడు ఈ దారిని గోడకి అంటించుకుని, కాగితం ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో ప్రతి సీనుకీ గుర్తు పెట్టండి. ఆ అర్జీకి నాలుగు ప్రతులు కావాలి: మడత మాత్రమే ఉన్నది, తేదీ ముద్ర పడింది, నోటుతో ట్యాగు వేసింది, జవాబు ప్రతి కలిసింది. ఒక్కదాంతో నెట్టుకొస్తే, వరస మార్చి షూటింగు చేసిన రోజున మొదటి సీనులోనే ముద్ర కనబడుతుంది.

అమెరికాలో 2007 నుంచి 2015 దాకా వచ్చిన 'మ్యాడ్ మెన్' ఈ తరహాలో పేరుమోసిన సీరియల్. 1960 మార్చిలో మొదలయ్యే ఆ కథలో ఐబీఎం సెలెక్ట్రిక్ టైపు మిషన్లు కనిపిస్తాయి. ఆ మిషను బయటికొచ్చింది 1961 జూలైలో. అయినా సీరియల్ నిలబడింది, ఎందుకంటే వాటి ముందు కూర్చున్నవాళ్లు వాటిని వింతగా చూడరు. మీ బిళ్లబంట్రోతు కూడా ఇత్తడి బిళ్లని అలాగే మరిచిపోయి ఉండాలి.

బట్టలకి ఎక్కువ ఖర్చు వద్దు. గుమస్తాలకి టెరికాట్ చొక్కా చాలు. పొందూరు సన్నఖద్దరు పంచె, వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి వడికినది, కలిగిన పెద్దమనిషి ఒకరికి కట్టండి. అందరికీ కడితే దాని విలువ తెలీదు.

మాట దగ్గర జాగ్రత్త. కాగితం మీద "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అని నడుస్తుంది, నోటితో "బావూ, నా కాయితం ఏటయ్యింది?" అని నడుస్తుంది. ఈ రెండు భాషల మధ్య దూరమే రైతుకీ కచేరీకీ మధ్య దూరం. యాసని నవ్వించడానికి వాడితే ఆ దూరం కనిపించదు. బంట్రోతు "హెడ్డుగారూ" అంటాడు, రైతు తాసీల్దారుని "బావుగారూ" అంటాడు, గుమస్తాలు ఒకరినొకరు ఇంటిపేరుతో పిలుచుకుంటారు.

షూటింగుకి ముందు రోజు కెమెరా తియ్యకుండా నటులందర్నీ పదింటినుంచి అయిదింటిదాకా ఆ గదిలో వాళ్ల వాళ్ల పని చెయ్యనివ్వండి. జిగురు సీసా మూతి ఎండుతుంది, బల్ల మీద టీ గ్లాసు గుండ్రాలు పడతాయి, గుండుసూదులు చెల్లాచెదరవుతాయి. సాయంత్రం ఎవర్నీ సర్దనివ్వకుండా ఫొటోలు తీసి పెట్టుకోండి. మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టాలి.