రిమోట్ డెస్క్‌టాప్ కలవడం లేదా? దారి ఎక్కడ తెగిందో ఇలా వెతకండి

మా బాబాయికి తెనాలిలో ఎరువుల దుకాణం ఉంది. లెక్కలన్నీ కింద దుకాణంలోని కంప్యూటర్‌లోనే ఉంటాయి. ప్రతి నెలా 20వ తేదీలోగా జీఎస్టీ రిటర్ను దాఖలు చేయాలి కనుక, దానికి ముందు రెండు మూడు రాత్రులు ఆయన పై అంతస్తులోని ఇంట్లో కూర్చుని, ల్యాప్‌టాప్‌లోనే విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ సదుపాయంతో దుకాణం కంప్యూటర్‌ను తెరిచి పని చేసుకుంటారు. ఒక నెల 19వ తేదీ రాత్రి ఆ రెండూ కలవలేదు. నేను వెళ్లేసరికి ఆయన రూటర్‌ను రెండుసార్లు ఆపి మళ్లీ వేశారు, బయటి కనెక్షన్లను అడ్డుకునే కాపలా అయిన ఫైర్‌వాల్‌ను తీసేశారు, మరేవో సెట్టింగులు మార్చారు. అసలు లోపం ఏది, ఆయన కొత్తగా తెచ్చిపెట్టుకున్నది ఏది అని విడదీయడానికే గంట పట్టింది.

కాబట్టి ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఏం మార్చారో రాసుకోండి. ఫలితం లేకపోతే దాన్ని మళ్లీ ఉన్నచోట పెట్టి, తర్వాతిది చూడండి.

ముందు సందేశం పూర్తిగా చదవండి

తెర మీద వచ్చే సందేశాన్ని చాలామంది చదవకుండానే మూసేస్తారు. సగం సమాధానం అందులోనే ఉంటుంది. ‘యూజర్ పేరు లేదా పాస్‌వర్డ్ సరికాదు’ అనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తే సంతోషించండి. అవతలి కంప్యూటర్ మేలుకుని ఉంది, దారి ఉంది, తలుపు కూడా తెరిచే ఉంది, మిమ్మల్ని గుర్తుపట్టడం దగ్గరే ఆగింది. అప్పుడు రూటర్‌నూ ఫైర్‌వాల్‌నూ ముట్టుకోవద్దు. నేరుగా కింద పాస్‌వర్డ్ గురించి రాసిన భాగానికి వెళ్లండి. ‘కంప్యూటర్‌కు కనెక్ట్ కాలేకపోయాం’ అని మాత్రమే వస్తే ఈ వరుసలో వెతకండి.

మొదటి అడుగు: అవతలి కంప్యూటర్ దగ్గర

వీలైతే లేచి దాని దగ్గరికే వెళ్లండి. దూరమైతే అక్కడున్న వారికి ఫోన్ చేయండి. అది స్లీప్‌లోకి జారుకుని ఉంటే మీరు ఇక్కడ ఎంత ప్రయత్నించినా పలకదు. సెట్టింగ్స్‌లో పవర్ విభాగానికి వెళ్లి, కరెంటు మీద నడుస్తున్నప్పుడు స్లీప్ ‘నెవర్’ అని ఉండేలా చూడండి. తెర ఆరిపోయినా ఫరవాలేదు, యంత్రం నిద్రపోకూడదు.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్ తెరవండి. అక్కడి మీట ఆన్‌లో ఉండాలి. ఆన్ చేయనివ్వకపోతే అది విండోస్ హోమ్ ఎడిషన్ కావచ్చు. హోమ్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లవచ్చు కానీ, హోమ్ ఉన్న కంప్యూటర్ ఈ పద్ధతిలో ఎవరినీ లోపలికి రానివ్వదు. అందుకు ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఏదో ఒకటి కావాలి. కొత్త కంప్యూటర్ కొనేటప్పుడు దుకాణదారులు ఈ తేడా చెప్పడం అరుదు, మీరే అడగండి.

రెండో అడుగు: చిరునామా

దుకాణం కంప్యూటర్ దగ్గరే ఉండి, స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని ఆంగ్ల అక్షరాల్లో (ipconfig) టైపు చేయండి. ఐపీవీ4 అని ఉన్న వరుసలోనిదే దాని చిరునామా. అది 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. ముందు కేబులో వైఫైయో సరిచూసుకోండి.

మా బాబాయి ల్యాప్‌టాప్‌లో ఎప్పటి నుంచో 192.168.1.25 అని ఉంది. దుకాణం కంప్యూటర్ తెర మీద మాత్రం చివర 31 కనిపించింది. ఆ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. తిరిగి లేచిన రూటర్ కంప్యూటర్లకు చిరునామాలు కొత్తగా పంచింది. ఈయన పాత ఇంటి తలుపు తడుతూ కూర్చున్నారు! ఇది మళ్లీ జరగకుండా రూటర్ సెట్టింగుల్లో ఆ కంప్యూటర్‌కు ఒక చిరునామా రిజర్వు చేయండి. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనో, అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది. పది నిమిషాల పని.

మూడో అడుగు: దారి, తలుపు

ఇప్పుడు ల్యాప్‌టాప్ దగ్గరికి రండి. చాలామంది అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే ‘పింగ్’ ఆదేశం కొట్టి, జవాబు రాకపోతే అవతలిది చచ్చిపోయిందనుకుంటారు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌కు జవాబివ్వదు కాబట్టి ఆ మౌనాన్ని నమ్మవద్దు. పవర్‌షెల్ తెరిచి ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’, ఖాళీ, అవతలి చిరునామా, ఖాళీ, ‘-పోర్ట్ 3389’ అని, ఇదీ ఆంగ్ల అక్షరాల్లోనే (Test-NetConnection 192.168.1.31 -Port 3389, మధ్యలో మీ చిరునామా), టైపు చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ వినే తలుపు (పోర్ట్) సంఖ్య 3389. ఫలితంలో టీసీపీ పరీక్ష వరుస ఎదురుగా ‘ట్రూ’ అని ఉంటే దారీ తలుపూ రెండూ బాగున్నాయి. ‘ఫాల్స్’ అయితే ఇవి చూడండి.

ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉందా? అతిథుల వైఫై సాధారణంగా ఇంట్లోని మిగతా కంప్యూటర్లను కలవనివ్వదు. పై అంతస్తుకు సిగ్నల్ అందడం లేదని రెండో రూటర్ పెట్టారా? రెండు కంప్యూటర్ల చిరునామాల్లో మొదటి మూడు సంఖ్యలు పోల్చండి. ఒకటి 192.168.1, మరొకటి 192.168.0 అయితే అవి సాధారణంగా వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. రెండో రూటర్‌ను సిగ్నల్‌ను మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మారిస్తే రెండూ ఒకే గూటికి వస్తాయి.

ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపకండి. అది అనుమతించే యాప్‌ల జాబితాలో రిమోట్ డెస్క్‌టాప్ ఎదురుగా టిక్కు ఉందా, మీ నెట్‌వర్క్ ప్రైవేటా పబ్లిక్కా, టిక్కు ఆ గడిలోనే ఉందా అని చూడండి. విడిగా యాంటీవైరస్ కొని ఉంటే దానికీ సొంత ఫైర్‌వాల్ ఉండవచ్చు.

నాలుగో అడుగు: పాస్‌వర్డ్

చిరునామా సరిచేయగానే ఆ రాత్రి పని అయిపోయిందనుకున్నాం. ఈసారి పాస్‌వర్డ్ అడిగింది. బాబాయి నాలుగు అంకెలు కొట్టారు. తప్పన్నది. మళ్లీ కొట్టారు, మళ్లీ తప్పే.

“బాబాయ్, ఇది పాస్‌వర్డా, పిన్నా?” అన్నాను.

“రోజూ పొద్దున దుకాణంలో ఇదే కొడతాను, తెరుచుకుంటుంది కదా!” అన్నారు.

పిన్ అనేది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న వారికే. దూరం నుంచి వచ్చే వారిని అది లోపలికి రానివ్వదు, ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. మరి ఇన్నాళ్లూ ఎలా తెరుచుకుంది? ఎప్పుడో ఒకసారి కొట్టిన పాస్‌వర్డును ల్యాప్‌టాప్ ఆ పాత చిరునామా పేరుతోనే దాచుకుంది. చిరునామా మారగానే దాచుకున్నది పనికిరాకుండా పోయి, కొత్తగా అడిగింది. పాస్‌వర్డ్ ఆయనకు గుర్తే లేదు.

ఇలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ కొత్తగా పెట్టుకుని, అవతలి కంప్యూటర్ దగ్గర ఒకసారి పిన్ కాకుండా ఆ పాస్‌వర్డుతోనే లాగిన్ కండి. అక్కడ పాస్‌వర్డ్ అడగకపోతే, సైన్-ఇన్ ఆప్షన్లలో ‘విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖంతో లాగిన్) మాత్రమే’ అన్న అర్థం వచ్చే మీటను ఆపండి. యూజర్ పేరు ఏం రాయాలో తెలియకపోతే అక్కడే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూఅమై’ అని, ఎప్పటిలాగే ఆంగ్ల అక్షరాల్లో (whoami), కొడితే చెబుతుంది. పాస్‌వర్డే లేని ఖాతాను విండోస్ దూరం నుంచి రానివ్వదు, ముందు ఒకటి పెట్టండి. ఖాతా అడ్మినిస్ట్రేటర్ కాకపోతే, రిమోట్ డెస్క్‌టాప్ పేజీలోనే ఉండే యూజర్ల జాబితాలో ఆ పేరు చేర్చాలి.

లోపలికి వెళ్లగానే దుకాణంలోని తెర లాక్ అవుతుంది. గుమాస్తా అక్కడ బిల్లు కొడుతూ ఉంటే కంగారు పడతాడు, ముందే చెప్పండి.

ఊరు దాటితే

ఇంట్లో కలిసేది హైదరాబాద్ వెళ్లాక కలవకపోతే అది లోపం కాదు. 192.168తో మొదలయ్యే చిరునామా ఆ ఇంటి నాలుగు గోడల వరకే. చాలామంది దీనికి రూటర్‌లో 3389 తలుపును ఇంటర్నెట్‌కు తెరిచేస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ తలుపు కోసం వెతుకుతూ, పాస్‌వర్డులు వరసగా కొట్టి చూసే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. 2019 మే నెలలో పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అన్న లోపం బయటపడినప్పుడు, మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి సైతం మరమ్మతు విడుదల చేసింది. ప్రమాదం అంత పెద్దది. దుకాణం లెక్కలన్నీ తాళం పడి, డబ్బు కడితేనే ఇస్తామని తెర మీద రాసి ఉంటే ఆ బాధ మామూలుగా ఉండదు.

సరైన దారి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఇంటి నెట్‌వర్కులోకి వెళ్లే రక్షిత దారి. రూటర్‌లోనే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ ఉంటే దాన్ని వాడండి. అది కలిశాక ఇంట్లో వాడే చిరునామానే కొట్టవచ్చు. రూటర్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే చిరునామాను చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. అప్పుడు బయటి నుంచి నేరుగా మీ రూటర్‌ను చేరలేరు. టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ ప్రోగ్రామును రెండు కంప్యూటర్లలోనూ వేసుకుని, అవతలి దానికి అది ఇచ్చిన చిరునామాను రిమోట్ డెస్క్‌టాప్‌లో కొట్టండి.