విధి నిర్వహణలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఇరుగుపొరుగు అండగా నిలవడం ఎలా?

పోలీసు, అగ్నిమాపక సిబ్బంది, 108 అంబులెన్స్ ఉద్యోగి... వీరిలో ఎవరైనా విధుల్లో ప్రాణం కోల్పోతే అంత్యక్రియల నాడు వీధి పట్టనంత జనం వస్తారు. గౌరవ వందనం, పూలదండలు, నాయకుల పరామర్శ అన్నీ జరుగుతాయి. పెద్దకర్మ మరునాటి నుంచి ఆ గేటు తీసేవారే ఉండరు. ఇరుగుపొరుగు పని అసలు మొదలయ్యేది అప్పుడే.

1. ఒకరికి బాధ్యత అప్పగించండి

వచ్చినవారంతా "ఏం కావాలన్నా చెప్పండి" అంటారు. దుఃఖంలో ఉన్నవారు నోరు తెరిచి అడగరు. కాబట్టి కాలనీ సంఘమో, స్నేహితులో కలిసి ఒకరిని ఎంచుకోవాలి. ఆ ఇంటికి నమ్మకమున్న మనిషై, కార్యాలయాల చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి. తోడుగా ఒక మహిళ ఉంటే ఇంకా మంచిది. వారి చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టండి: ఏ కాగితం ఎక్కడ ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్నీ అందులోకి ఎక్కాలి.

2. భోజనానికి వంతులు వేసుకోండి

ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో క్యారియర్లు ఒకేసారి నాలుగు వస్తాయి, సగం పారబోయాల్సి వస్తుంది. వంతులు వేసుకుని, కర్మలయ్యాక కూడా కొన్నాళ్లు కొనసాగించండి. పిల్లలను బడికి దింపడం, పెద్దవాళ్ల మందులు తేవడం కూడా వంతుల్లో చేర్చండి.

3. కాగితాల పని పట్టించుకోండి

అన్నిటికన్నా పెద్ద సాయం ఇదే. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించి, ధ్రువపత్రం నకళ్లు పది తీసి ఉంచండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా కావాలి. చాలా ఇళ్లలో పని ఆగిపోయేది పేరు దగ్గర: భార్యకు ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, భర్త సర్వీసు రికార్డులో అత్తింటి ఇంటిపేరు. దాన్ని మొదటి వారంలోనే సరిచూడండి.

తర్వాత బ్యాంకు పాసుబుక్కు తీయండి. మే నెలాఖరు ప్రాంతంలో 436 రూపాయలో, 20 రూపాయలో కోత పడి ఉంటే అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాల ప్రీమియం కావచ్చు. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాద మరణానికి, చెరో 2 లక్షలు ఇస్తాయి. జీతం ఖాతాకు విడిగా ప్రమాద బీమా ఉందా, ఇంటి అప్పుకు బీమా ఉందా అని బ్యాంకును అడగండి. అడగనిదే చాలాచోట్ల చెప్పరు.

ఉద్యోగ స్వభావాన్ని బట్టి దారి మారుతుంది. హోంగార్డు రెగ్యులర్ ఉద్యోగి కాదు, కానిస్టేబుల్‌కు వచ్చేవన్నీ వస్తాయనుకోకుండా ఏమేం వర్తిస్తాయో రాతపూర్వకంగా అడగాలి. ఏజెన్సీ ద్వారా పనిచేసే అంబులెన్స్ సిబ్బందికి పీఎఫ్ ఉంటే దానితోపాటే వచ్చే బీమా గరిష్ఠంగా 7 లక్షలు. సీఆర్‌పీఎఫ్ వంటి కేంద్ర బలగాల వారికి 'భారత్ కే వీర్' వెబ్‌సైట్ ద్వారా ప్రజలు నేరుగా విరాళం ఇవ్వవచ్చు; ఒక్కో కుటుంబానికి పరిమితి 15 లక్షలు.

కారుణ్య నియామకానికి సాధారణంగా ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ఆ ఉద్యోగం ఎవరు తీసుకోవాలన్నది బంధువుల పంచాయతీ కాకూడదు. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె మాట ముందు వినండి.

4. చందాలు వసూలు చేస్తే లెక్క బయట పెట్టండి

డబ్బు సంఘం నాయకుడి ఖాతాలో కాక కుటుంబం ఖాతాలోనే పడాలి. అయితే ఎవరి ఖాతా? భార్యదా, తల్లిదా? మొహమాటపడి ఈ ప్రశ్న వేయకపోతే ఆరు నెలల తర్వాత అత్తాకోడళ్లు మాట్లాడుకోని పరిస్థితి వస్తుంది. ముందే ఇద్దరినీ అడిగి వాటాలు తేల్చండి. పిల్లల ఫీజు నేరుగా బడికే కట్టండి. పరిహారం మంజూరు చేయిస్తామంటూ ఓటీపీ అడిగే ఫోన్లు వస్తాయని ఇంట్లోవారికి చెప్పి, సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు గోడ మీద రాసి పెట్టండి.

5. చేయకూడనివి

ఘటనా స్థలం వీడియోలు వాట్సాప్‌లో పంపకండి. ఏదో ఒక రోజు పిల్లల కంటపడతాయి. "నువ్వే ధైర్యంగా ఉండాలి" అని పన్నెండేళ్ల పిల్లవాడికి చెప్పకండి. నిద్ర, తిండి మానేసినవారి తరఫున 14416కు ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యానికి సాయపడే టెలి మానస్ ఉచిత సేవ.

6. ఏడాది పొడవునా గుర్తుంచుకోండి

1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద పది మంది పోలీసు జవాన్లు మరణించిన అక్టోబరు 21ని పోలీసు అమరవీరుల దినంగా, 1944 బొంబాయి రేవు పేలుడు జరిగిన ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవా దినంగా జరుపుతారు. ఆ రోజుల్లో కుటుంబాన్ని వేదిక మీదికి పిలుస్తారు. రావడం ఇష్టమో కాదో ముందే కనుక్కోండి, వెళితే వెంట ఒకరు వెళ్లండి. క్వార్టర్ ఖాళీ చేయవలసి వస్తే కొత్త ఇల్లు వెతకడంలోనూ, సామాను చేరవేయడంలోనూ మళ్లీ అందరూ కావాలి.

భార్య ఆ కార్యాలయాలకు తానే వెళ్లగలిగిన రోజున, మిగిలిన పనులు చివరి పేజీలో రాసి నోటుపుస్తకం ఆమెకు అప్పగించండి.