పైప్‌లైన్ ఆఫీసులో వేసవి పని: డిగ్రీ చదివే కోనసీమ పిల్లల కోసం

మాది మామిడికుదురు దగ్గర ఊరు. బీకాం చదువుతూ వరసగా రెండు వేసవులు ఒక చమురు పైప్‌లైన్ కంపెనీ సైట్ ఆఫీసులో, భూముల సెక్షన్‌లో పని చేశాను. ఈ ఏడు మా కాలేజీ చెల్లెళ్లు ముగ్గురు "అక్కా, ఎలా చేరాలి? అక్కడ ఏం చేయాలి?" అని అడిగారు. వాళ్లకి చెప్పిందే ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

వేసవిలోనే మనల్ని ఎందుకు పిలుస్తారో ముందు తెలుసుకోండి. దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాక సార్వా (ఖరీఫ్ వరి) నారుమళ్లు పోసేదాకా చేలు ఖాళీగా ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. కొత్త గొట్టం వేయాలన్నా, పాతది తవ్వి చూడాలన్నా, కాలువ దాటించాలన్నా ఆ కొద్ది వారాలే అనువు. చేలో పంట ఉంటే పంట నష్టం కూడా కట్టాలి కదా. అందుకని ఇరిగేషన్ అనుమతులు, రైతులకు నోటీసులు, పంచనామాలు, పరిహారం జాబితాలు అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే మీద పడతాయి. ఉన్న ఇద్దరు గుమాస్తాలకు చేతులు చాలవు.

చేరాలంటే ఫిబ్రవరి నుంచే ప్రయత్నం మొదలుపెట్టండి. ప్రిన్సిపాల్ సంతకంతో లెటరు, బోనఫైడ్, ఆధార్, ఫొటోలు, మార్కుల జాబితా రెండేసి జిరాక్సులు తీసి ఒకే ఫైల్లో పెట్టుకోండి. దరఖాస్తులో మీకు ఎక్సెల్, తెలుగు టైపింగ్ ఎంతవరకు వచ్చో నిజం రాయండి. అడంగల్, వన్ బీ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ రికార్డులు) చదవడం వస్తే అది తప్పకుండా రాయండి. మన ఇళ్లలో పాస్‌బుక్కులు చూస్తూ పెరిగాం కాబట్టి మనకది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆ సెక్షన్‌లో దానికి చాలా విలువ. పని ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. నన్ను ఒకాయన ఐదు వేలు అడిగాడు. నేను ఇవ్వలేదు, నేరుగా వెళ్లి దరఖాస్తు ఇచ్చాను, పని వచ్చింది.

నూలు బట్టలు, కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు వేసుకుని వెళ్లండి. ఆఫీసు గదిలో ఫోను వాడనిస్తారు కానీ పంపులు, వాల్వులు ఉన్న ఆవరణలోకి ఫోను, అగ్గిపెట్టె, లైటరు ఏదీ తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అడగకముందే ఇచ్చేయండి.

మొదటి వారం మీకు తపాలు పని ఇస్తారు. వచ్చిన కాగితం మీద ఇన్‌వర్డ్ ముద్ర వేసి, తేదీ, నంబరు రాసి రిజిస్టర్లో ఎక్కించడమే. ఇదేముందిలే అని దయచేసి అనుకోవద్దు. పైప్‌లైన్ కోసం భూమిని కొనరు, 1962 నాటి పైప్‌లైన్ల చట్టం కింద దాని వాడుక హక్కు మాత్రమే తీసుకుంటారు. నోటిఫికేషన్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోగా రైతు తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించిన అధికారికి ఇవ్వాలి. చాలామంది తెలియక ఆ అర్జీని మన ఆఫీసుకే తెస్తారు. దాన్ని ట్రేలో పెట్టి రేపు చూద్దామనుకుంటే ఆయన గడువు దాటిపోవచ్చు. అదే రోజు ముద్ర వేయండి, పైవాళ్లకు చూపించండి, ఎవరికి ఇవ్వాలో ఆయనకు చెప్పండి, ముద్ర వేసిన నకలు ఆయన చేతికి ఇవ్వండి.

తర్వాత ఎక్సెల్. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి వేసవిలో పరిహారం జాబితా టైపు చేస్తున్నాను. సర్వే నంబరు 12/3 అని కొడితే అది మార్చి 12 అయి కూర్చుంది. నేను చూసుకోలేదు. తనిఖీలో ఆ వరస పక్కన పెట్టేశారు, ఆ రైతుకు డబ్బు ఆగిపోయింది. ఆయన రాజోలు అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. గొట్టం దారిలో ఆయనవి కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు పద్నాలుగు కొట్టేశారు. "అమ్మాయ్, నా పేరు మీ కాయితంలో ఉందో లేదో చూసి చెప్పమ్మా. రావడం ఇది మూడోసారి" అన్నారు. పేరు ఉంది. నంబరే లేదు. ఆ పూట జాబితా మొత్తం అడంగల్‌తో పోల్చి చూస్తే అలాంటివే ఇంకో ఏడు దొరికాయి. ఆయనకు క్షమాపణ చెప్పాను. సరిచేసిన జాబితా వెళ్లి డబ్బు పడేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది.

కాబట్టి టైపు మొదలుపెట్టే ముందే సర్వే నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఉండే నిలువు వరసలను టెక్స్ట్‌గా మార్చుకోండి. లేకపోతే ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పదిహేను అంకెలు దాటిన నంబరులో చివరి అంకెలు సున్నాలైపోతాయి. టైపు అయ్యాక పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని మీరు పైకి చదవండి, వాళ్లు అసలు కాగితం చూస్తూ టిక్కు పెట్టాలి.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో సత్యనారాయణలు నలుగురు ఉంటారు. తండ్రి పేరు లేకుండా ఏ వరసా వదలొద్దు. ఇంగ్లీషులో పేరు రాసేటప్పుడు మీకు తోచిన స్పెల్లింగ్ కాకుండా బ్యాంకు పాస్‌బుక్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టండి. పట్టా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటే అది మీరు తేల్చే విషయం కాదు. విడిగా గుర్తు పెట్టి పై అధికారికి చూపించండి.

కొలతల సంగతి కూడా చెప్పాలి. మన రైతు సెంట్లలో మాట్లాడతాడు, గెజిట్‌లో హెక్టార్లు, ఆర్‌లు, చదరపు మీటర్లు ఉంటాయి. సెంటు అంటే సుమారు 40.47 చదరపు మీటర్లు, ఆర్ అంటే వంద చదరపు మీటర్లు. ఐదు సెంట్లంటే 202, అంటే రెండు ఆర్‌ల రెండు చదరపు మీటర్లు. ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసి బల్ల మీద పెట్టుకున్నాను. వచ్చినవాళ్లకు వాళ్ల భూమిని సెంట్లలోకి మార్చి చెబితే ముఖంలో టెన్షన్ సగం తగ్గేది.

రైతులు వచ్చినప్పుడు ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి. పెద్దవాళ్లని బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలవండి. వాళ్లు అడిగేది ఎక్కువగా ఒకటే: "ఆ ముక్కలో మళ్లీ కొబ్బరి వేసుకోవచ్చా?" చట్టం ప్రకారం గొట్టం వెళ్లే ఆ పట్టీలో సాగు చేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి రైతుకు ఇది పెద్ద కష్టం కాదు. కొబ్బరి తోట ఉన్నవాళ్లకు, చేపల చెరువు తవ్వుకుందామనుకున్నవాళ్లకు మాత్రం ఆ ముక్క శాశ్వతంగా చేజారినట్టే. వాడుక హక్కుకు చట్టం ఇచ్చేది నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. చెట్లకు, పంటకు జరిగిన నష్టం వేరే లెక్క. ఇది తక్కువేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుని ఎంత వస్తుందో మీ అంతట మీరు చెప్పొద్దు. ఫైలు ఎక్కడుందో, ఎవరి సంతకం కావాలో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక ఫోను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా పక్కన నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పుడు నాకు పదేళ్లు. అంతకు ముందు నుంచే వాసన వస్తోందని ఊరివాళ్లు చెప్పినట్టు పేపర్లలో రాశారు. ఆ మాట నా మనసులోంచి పోలేదు. అందుకే ఆఫీసు ఫోను మోగి "చేలో వాసన వస్తోందండీ" అని ఎవరైనా అంటే నేను చేతిలో పని వదిలేసేదాన్ని. ముందు వాళ్ల నంబరు రాసుకోండి, లైను తెగిపోయినా తిరిగి చేయొచ్చు. ఊరు, దగ్గరి గుడో వంతెనో, గట్టు మీద కిలోమీటరు రాయి కనిపిస్తే దాని మీది అంకె అడగండి. నీళ్లలో బుడగలు వస్తున్నాయా, నూనె తెట్టు తేలుతోందా, బుస్సుమన్న శబ్దం ఉందా అని అడగండి. నిప్పు వెలిగించవద్దని, బండి, మోటారు స్టార్ట్ చేయవద్దని, గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ వైపుకే, వాసన ఉన్న చోటికి దూరంగా పొమ్మని చెప్పండి. వెంటనే కంట్రోల్ రూముకు చెప్పండి. అక్కడ మీ మాట విన్నవాళ్ల పేరు, టైము రిజిస్టర్లో రాయండి. నాకు అలాంటి ఫోన్లు రెండు వేసవుల్లో నాలుగు వచ్చాయి. మూడు ఏమీ లేవని లైన్‌మనుషులు వెళ్లి చూసి వచ్చారు. నాలుగోది ఒక వాల్వు దగ్గర చిన్న లీకు, ఆ సాయంత్రానికే సరిచేశారు.

చివరి వారంలో సర్టిఫికెట్ కోసం తిరగడంతో పాటు ఇంకో పని చేయండి. మీ దగ్గర మిగిలిపోయిన కాగితాలన్నీ ఒక తెల్లకాగితం మీద రాయండి: ఎవరిది, ఏ ఊరు, ఏ తేదీన వచ్చింది, ఎవరి దగ్గర ఆగింది. 21 రోజుల గడువు దగ్గరపడినవి పైన ఉంచండి. దాన్ని పర్మనెంట్ గుమాస్తాగారి చేతికిచ్చి, ఒక్కొక్కటీ చదివి వినిపించి, కింద ఆయన సంతకం తీసుకోండి.