పైలాన్ కాలనీ కథ రాసుకోవాలంటే

నాగార్జునసాగర్‌లో డ్యాం పనోళ్లు ఉన్న పైలాన్ కాలనీ కథ రాయాలంటే ముందు ఆఫీసు కాగితాల వెంట పడకండి, పాత క్వార్టర్ తలుపు చూడండి. మా ఇంటి నంబరు నాలుగు పొరల సున్నం కింద ఉండె. గోరుతో మెల్లగా గీకితే బయటపడ్డది.

ముసలోళ్లను ‘ఏ సంవత్సరం?’ అని అడగొద్దు. ‘నెహ్రూ డ్యాంకు పునాదిరాయి వేసిననాడు ఎంత పిల్లవు అవ్వా?’ అనండి. అది 1955 డిసెంబర్ 10. ఇందిరమ్మ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4. మిగతావన్నీ ఈ రెంటికి ముందా వెనకా అని అడగండి, ఇట్టే చెప్తరు. మా నాయనమ్మకు నడినెత్తిన జుట్టే లేకుండె, డ్యాం పనిల రాళ్లగంప మోసి మోసి.

డ్యాం పనైనంక ఎవరెటు పోయిండ్రో తప్పక రాయండి. మా చిన్నాయన శ్రీశైలం పనికి పోయిండు. ఆయన క్వార్టర్‌లో ఇప్పుడు సర్కారు తుమ్మ. ఫోటోలు పొద్దున్నే తీయండి, మిట్టమధ్యాహ్నం గోడ రాతలు కనబడవు.