జారిపోయే వయొలిన్ బిరడాకి చాక్‌పీస్ వైద్యం

మా ఊరి ఆర్కెస్ట్రాలో అందరం సరదాకి వాయించేవాళ్లమే. రిహార్సల్ కన్నా టీలు ఎక్కువ. శ్రీరామనవమి పందిట్లో, విషాద గీతం మధ్యలో నా వయొలిన్‌లో తీగ బిగించే బిరడా సర్రున జారి తీగ ‘కుయ్య్’మంది. జనం ఈలలేసి వన్స్‌మోర్ అన్నారు! తబలా ఆయన నవ్వాపుకోలేక తాళం వదిలేశాడు.

పొడి ఎండలకి చెక్క కుంచించుకుపోయి పట్టు వదులుతుంది. తీగ వదులుచేసి బిరడా లాగి చూస్తే, బిరడాలు దూరే పెట్టె గోడలకి రాసుకునే రెండుచోట్లా నున్నగా మెరుస్తోంది. అక్కడ చాక్‌పీస్ రుద్ది, చివరి చుట్టు గోడకి ఆనేలా తీగ చుట్టి, లోపలికి నొక్కుతూ తిప్పాను. శ్రుతి నిలిచింది. ఒక్కో తీగే విప్పాలి సుమా, అన్నీ ఒకేసారి వదిలితే తీగల్ని మోసే చెక్క బ్రిడ్జి పడిపోతుంది. చాక్ ఎక్కువై బిరడా మొరాయిస్తే పొడి సబ్బు కాస్త రాస్తే సరి.